అన్నము పెట్టువారి బాధ్యత: పాఠశాల విద్యాశాఖ పెద్దలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, సమగ్ర శిక్ష రాష్ట్ర పథక సంచాలకులకు, మధ్యాహ్న బడిభోజన పథకమును నడపు అధికారవర్గమునకు,

మహాశయులారా,

“మందులూ సూదులూ బడి పని కాదు, బిడ్డకు జబ్బున్నచో తల్లిదండ్రులే చూచుకొనవలెను” అను మాట మా పత్తికొండ ప్రాంతమున పలు పాఠశాలల గడపలయందు ఏదో యొక రూపమున నాకు వినవచ్చుచునే యున్నది. ఆ మాటను నేను అంగీకరింపజాలను. అయినను దానిని పలికిన ప్రధానోపాధ్యాయుని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. ఎవ్వరును నేర్పని విద్యను ఆయన యొద్ద ఆశించుట న్యాయము కాదు. మధుమేహము గల బిడ్డ పాఠము నడుమ చెమటలు క్రమ్మి వణకినపుడు ఏమి చేయవలెనో, చిక్కీముక్క తిన్న బిడ్డకు పెదవులు వాచి ఊపిరి బిగబట్టినపుడు మొదటి ఐదు నిమిషములలో ఏమి చేయవలెనో, ఆయనకు నేర్పవలసినవారు మీరు. ఇంతవరకు నేర్పనివారును మీరే. కావున ఈ లేఖ ఆయనకు గాక మీకు వ్రాయుచున్నాను.

మీరు బిడ్డలకు పాఠము మాత్రమే చెప్పుట లేదు, అన్నము కూడ పెట్టుచున్నారు. బడిపిల్లలకు వండిన భోజనమే పెట్టవలెనని 2001లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించిన పిమ్మట, 2003లో మన రాష్ట్రపు బడులలో పొయ్యి వెలిగినది మొదలు, పథకమునకు పేర్లెన్ని మారినను ఆ పొయ్యి ఆరలేదు. 2020లో భోజనమును మెరుగుపరచుచు కోడిగ్రుడ్డుతో పాటు వేరుసెనగ చిక్కీని చేర్చితిరి. 2023 మార్చిలో బెల్లము కలిపిన రాగిజావను చేర్చితిరి. 2024లో ఈ పథకమునకు, గోదావరి లంకలలో ఆకలిగొన్న బాటసారికి వేళకాని వేళలందును అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టితిరి. 2025 జూన్ నుండి సన్నబియ్యము వండించుచున్నారు. తుగ్గలి, మద్దికెర, దేవనకొండ పల్లెలలో ఉదయము ఏమియు తినకయే బడికి వచ్చు బిడ్డలను ఎరిగినవాడను గనుక, ఈ భోజనము విలువ నాకు తెలియును; దీనిని తక్కువచేయుట నా అభిమతము కాదు. ఇంత చేసినవారు కనుకనే మిమ్ము అడుగుచున్నాను: అన్నము పెట్టు చేతికి, ఆ అన్నము తిను దేహమును గూర్చి తెలిసికొనవలసిన బాధ్యత లేదా?

వేరుసెనగ మా సీమకు ప్రాణము. మేము బుడ్డలని పిలుచు ఆ గింజ మా ఎర్రనేలలలో పండి, మా ఇండ్లలో నూనెయై, పొడియై, చట్నీయై, గుత్తివంకాయలో కూరిన కారమై, పండుగనాడు బెల్లపు పాకముతో ఉండయై, దానిని తినని దినమే లేదనిపించును. దాదాపు బిడ్డలందరికిని అది బలము. కాని ఎక్కడనో ఒక బిడ్డ దేహము ఆ గింజలోని మాంసకృత్తును శత్రువుగా భ్రమించి తన రక్షణశక్తినంతటిని ఒక్కపెట్టున దానిపై విడుచును. అంతట ఒంటిపై దద్దురులు లేచి, కనురెప్పలు, పెదవులు వాచి, గొంతు పూడుకొనిపోయి, రక్తపుపోటు పడిపోయి, అరగంటలోపుననే ప్రాణము మీదికి రావచ్చును. గ్రుడ్డు వలనను, పాల వలనను, నువ్వుల వలనను, గోధుమ వలనను, చేప వలనను ఈ యాపద కలుగవచ్చును. మన దేశమున ఇట్టి బిడ్డలు పాశ్చాత్య దేశములందుకంటె తక్కువ యన్న మాట నిజమే. దానిని దాచవలసిన పని లేదు. అయితే అరుదైనది గనుక శిక్షణ అక్కరలేదను వాదమును మాత్రము నేను తలక్రిందుల వాదమందును. బడిలో నిత్యము చూచు జ్వరమును, తలనొప్పిని, మోకాలి గాయమును ఎదుర్కొనుట ఉపాధ్యాయునికి అనుభవమే నేర్పును. ముప్పదియేండ్ల ఉద్యోగములో ఒక్కసారి, అదియు చెప్పక వచ్చు ఆపదను అనుభవము నేర్పలేదు. దానిని ముందుగా ఎవరైన నేర్పియుండవలెను.

“బుడ్డలు తింటే మా వోనికి మొగమంతా ఉబ్బుతాది సార్, ఊపిరాడదు” అని ఒక తల్లి తన కుమారుని ఒకటవ తరగతిలో చేర్పించుచు చెప్పగా నేను వింటిని. అక్కడ నున్న ఉపాధ్యాయురాలు సౌమ్యురాలు, సరేనమ్మా యన్నది. కాని ఆమె ఆ మాటను ఎక్కడ వ్రాయవలెను? నేను చూచిన ప్రవేశపత్రములలో కులమునకు గడి యున్నది, ఆధారు సంఖ్యకు గడి యున్నది, పుట్టుమచ్చలకు రెండు గీతలున్నవి. బిడ్డకు పడని తిండికి గడి లేదు. ఆ ఉపాధ్యాయురాలికి బదిలీ యైనచో ఆ తల్లి మాటయు ఆమె వెంట బదిలీ యగును. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు బిడ్డను బడిలో చేర్చునపుడు పడని ఆహారముల వివరములు నింపి, ఆపద వచ్చినచో చేయవలసినదానిని వైద్యునిచేత వ్రాయించి ఇచ్చి వచ్చుట అక్కడ సామాన్యమైన పద్ధతి. బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుండి, వైద్యుని చీటీ లేకయే, బడులు అడ్రినలిన్ సూదిమందును ఆపత్సమయమునకై దగ్గర నుంచుకొనుటకు చట్టము అనుమతించినది. మేము అంత దూరము పోవలెనని అడుగుట లేదు. ఒక గడి అడుగుచున్నాము.

ఆ గడి నిండిన తరువాత అది వంటగది వరకు చేరవలయును. నెలకు మూడువేల రూపాయల గౌరవవేతనముతో నూరుమంది పిల్లలకు వండిపెట్టు మా అక్కచెల్లెండ్రకు, ఏ బిడ్డకు చిక్కీ ఇవ్వరాదో, దానికి బదులుగా ఏ అరటిపండో మరొకటో ఇవ్వవలెనో, బుడ్డలపొడి చల్లిన గరిటెను ఆ బిడ్డ పళ్లెములో ఏల పెట్టరాదో ఎవరైన కూర్చుండబెట్టి చెప్పిన దినము కలదా? పిల్లలు చిక్కీని చొక్కా అంచున చుట్టి, కొరికి, కాకియెంగిలి చేసి స్నేహితునికి సగము పెట్టుదురు. ఆ ప్రేమను మాన్పలేము, మాన్పరాదు. కాని పక్కనున్న పదేండ్ల పిల్లవానికి “వీనికి బుడ్డలు పడవు” అను ఒక్క మాట తెలిసియున్నచో వాడే కాపలా కాయును. అంతేకాదు, పడని తిండి గల బిడ్డను వేరుగా, దూరముగా కూర్చుండబెట్టి, అంటరానివాని చేసి కాపాడుట కాపాడుట కాదని కూడ ఆ శిక్షణలోనే చెప్పవలయును. ఒక్క పంక్తిలో కూర్చుండి తినుట ఈ పథకమునకు మొదటినుండి గల పుణ్యము.

ఇక మందు మాట. తీవ్రమైన ఈ వికారమునకు మొదటి చికిత్స తొడ కండలోనికి ఇచ్చు అడ్రినలిన్ సూది. దురదలకిచ్చు మాత్ర దాని స్థానమును భర్తీ చేయజాలదు. బిడ్డను పడుకొనబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచవలెను, ఊపిరి కష్టముగా నున్నచో ఆనుకొని కూర్చుండనీయవలెను, లేపి నడిపింపరాదు, వెంటనే 108కి ఫోను చేయవలెను. ఈ మాటలు అయిదు నిమిషములలో చెప్పవచ్చును. ఆ సూది బడికి అందనిదేమియు కాదు. టీకా వేసిన పిమ్మట అరుదుగా కలుగు ఇట్టి వికారమునకు సిద్ధముగా నుండుటకై మన ఏ.ఎన్.ఎం.లు అడ్రినలిన్ గల చిన్నపెట్టెను వెంట తీసికొనిపోవుచున్నారు; వైద్యశాలకు పంపుటకు ముందు వయసునుబట్టి ఒక మోతాదు ఇచ్చుటకు కేంద్ర ప్రభుత్వపు టీకా మార్గదర్శకములు వారికి అనుమతి నిచ్చినవి. 2017 ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకాలు మన బడులలోనే వేసితిరి. పదేండ్ల, పదునారేండ్ల పిల్లలకు ధనుర్వాత టీకాలు నేటికిని బడిలో వేయుచున్నారు. టీకానాడు బడిలోనికి వచ్చిన ఆ చిన్నపెట్టె, చిక్కీనాడు ఏల రాకూడదు? టీకా వలన కలుగు ఆపదకు ప్రభుత్వము జవాబుదారి యైనచో, ప్రభుత్వమే పంచిన తిండి వలన కలుగు ఆపదకు జవాబుదారి మరి యెవరు?

మధుమేహమును గూర్చి ఇంతకంటె విపులముగా మనవి చేయవలసి యున్నది. ఏలయన అది ఇంత అరుదు కాదు, దాని బాధ ఒక పూటది కాదు. షుగరు పెద్దవారికి వచ్చునది గదా, పసిబిడ్డకేమిటి యని మా పల్లెలలో నేటికిని ఆశ్చర్యపడుదురు. మిఠాయి ఎక్కువ తినిపించినందున వచ్చినదని తల్లిని నిందింతురు. బిడ్డలకు వచ్చు మొదటి రకపు మధుమేహము తిండివలన వచ్చునది కాదు. దేహపు రక్షణశక్తి పొరబడి, క్లోమములో ఇన్సులిన్ తయారుచేయు కణములను తానే నాశనము చేయుటవలన వచ్చునది. 1922 జనవరిలో టొరంటో నగరమున పదునాలుగేండ్ల బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించువరకు, ఈ జబ్బు వచ్చిన బిడ్డ ఒకటి రెండేండ్లకు మించి బ్రదుకుట అరుదు. నేడు ఇన్సులిన్ తీసికొనుచు బిడ్డ చదువుకొనవచ్చును, పరుగెత్తవచ్చును, పెండ్లియాడి బిడ్డలను కనవచ్చును. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వేసిన లెక్కలో ఇరువది యేండ్ల లోపు వయసున ఈ జబ్బుతో జీవించువారు మన దేశముననే రెండు లక్షలకు పైబడి యున్నారు. ఇంతమంది మరి యే దేశమునను లేరు. వీరిలో పెక్కుమంది బడియీడు పిల్లలు గదా! పగటి వేళలో సగమునకు పైగా వీరు ఎవరి కన్నుల యెదుట నుందురు?

ఇన్సులిన్ వేసికొను బిడ్డకు గడియారము ప్రాణము వంటిది. మా ప్రాంతపు పేద బిడ్డలు పెక్కుమంది ఉదయము, సాయంకాలము రెండు పూటల సూదితో కాలము గడుపుదురు; ఉదయము వేసిన మందులో నెమ్మదిగా పనిచేయు భాగము మధ్యాహ్న సమయమునకు బలముగా పనిచేయును. సరిగ్గా ఆ సమయమునకు కడుపులో అన్నము పడవలెను. గ్యాసుబండ అయిపోయినదనియో, గ్రుడ్లు రాలేదనియో, పెద్దలు తనిఖీకి వచ్చినారనియో భోజనము ముప్పావుగంట ఆలస్యమైనచో తక్కిన పిల్లలకు ఆకలి యగును. ఆ బిడ్డకు రక్తములోని చక్కెర డెబ్బదికి దిగువకు జారును. చెమట పట్టును, చేతులు వణకును, చిరాకు కలుగును, అడిగినదానికి పొంతనలేని జవాబు చెప్పును. తెలియని ఉపాధ్యాయుడు దానిని పొగరనుకొని బెంచీపై నిలబెట్టును. తెలిసినవాడు మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, పదునైదు నిమిషములు ఆగి, మరల చూచి, అన్నము పెట్టించును. స్పృహ తప్పినచో నోటిలో ఏమియు పోయక ప్రక్కకు త్రిప్పి పడుకొనబెట్టి అంబులెన్సును పిలుచును. ఈ ఇరువురు ఉపాధ్యాయులకు నడుమ గల భేదము మంచితనములో లేదు, జీతములో లేదు, ఒక గంట శిక్షణలో నున్నది.

దీనికి విరుద్ధముగా చక్కెర హెచ్చినపుడు బిడ్డకు దాహము తీరదు, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చును. “ఇప్పుడే గదా పోయివచ్చితివి, కూర్చో” యను ఆజ్ఞ ఆ బిడ్డకు ఎంతటి శిక్షయో ఊహింపుడు. ఇంకను జబ్బు బయటపడని బిడ్డ యైనచో, ఆ దాహమును, ఆ మూత్రమును, దుస్తులు వదులగునట్లు చిక్కిపోవుటను మొదట గమనింపగలవాడు ఉపాధ్యాయుడే. ఏలయన తల్లిదండ్రులు తెల్లవారకముందే టమాటా తోటలకు, ఉల్లిచేలకు కూలికి పోవుదురు. ఆ ఆనవాళ్లు తెలియక, కడుపునొప్పి, వాంతులు మొదలైన పిమ్మట అజీర్తియనుకొని నాలుగు దినములు నాటువైద్యము చేయించి, బిడ్డ మగతలో పడిన తరువాత, బస్సులో సుమారు రెండు గంటల దూరమునున్న కర్నూలు పెద్దాసుపత్రికి పరుగెత్తు కుటుంబములను ఎరుగుదును. మీ బాలల ఆరోగ్య పరీక్షా పథకము, 2013లో మొదలైన ఆ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము, ముప్పది వ్యాధులను వెదకుటకై ఏర్పడినది. అది మంచి పథకము. ఆ ముప్పదింటిలో బాల్య మధుమేహము లేదు.

పత్తికొండకు చేరువలోని ఒక బడి ఆవరణలో, వేపచెట్టు క్రింద, ప్రతిదినము మధ్యాహ్నము వచ్చి కూర్చుండు ఒక తల్లి యున్నది. ఊరు పేరు, బడి పేరు చెప్పను. కుమార్తె మూడవ తరగతి. డాక్టరు మధ్యాహ్నపు సూది కూడ వేయమన్నందున ఆమె కూలి మానుకొని వచ్చును. సగము దినపు కూలికి ఎవ్వరును పిలువరు గనుక ఆమెకు పనియే పోయినది. సూదిమందు చెడకుండుటకు తడియిసుక పోసిన మట్టికుండలో చిన్నసీసా నుంచి తెచ్చుకొనును. మా వేసవి యెండలకు, విద్యుత్తు నిలకడలేని ఇండ్లకు వైద్యులే చెప్పిన ఉపాయమది. “సార్ వాళ్లు మంచోళ్లే, గానీ సూది సంగతి వాళ్లకు బయ్యం” అని ఆమె చెప్పినది. ఆ భయమును పోగొట్టుట ఎవరి పని? ఒక తల్లి జీవనోపాధిని కోల్పోయి కాపాడుకొనవలసిన హక్కునకు ఉచిత నిర్బంధ విద్యాహక్కు అని పేరు పెట్టవచ్చునా?

మా పత్తికొండ పేరు చరిత్రపుటలలో ఒక మరణము వలన నిలిచినది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఇచ్చట విడిదిచేసి యుండగా, 1827 జూలై 6న ప్రాతఃకాలమున కలరా సోకి, ఆ రాత్రికే కన్నుమూసెను. ఆయన స్మృత్యర్థము ఇక్కడ మెట్లబావి కట్టించి, చెట్లు నాటించిరి. అధికారము, ధనము, పరివారము, దేనికిని లోటు లేనివాడు ఒక్క దినములో పోయెను. ఆనాడు ఆ రోగమును మాన్పు విద్య భూమిపై ఎక్కడను లేదు. నేటి స్థితి వేరు. చక్కెర పడిపోయిన బిడ్డను లేపు విద్య లోకమంతట తెలిసినదే. దానికి కావలసిన మందు ప్రతి ఇంటి వంటగదిలోని చక్కెర డబ్బాయే. తెలిసిన విద్య, చేతికందు మందు ఉండగా బిడ్డ పోయినచో, ఆనాటి వలె విధిని నిందించి ఊరకుండగలమా?

క్రొత్తగా కనిపెట్టవలసినది ఏదియు లేదనుటకు నిదర్శనములు మీ కార్యాలయములలోనే యుండవలెను. 2023 జూలైలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘము అన్ని రాష్ట్రముల విద్యాశాఖలకు లేఖ వ్రాసి, మొదటి రకపు మధుమేహము గల బిడ్డలను తరగతిలోను, పరీక్షలోను రక్తపరీక్ష చేసికొననీయవలెననియు, సూది వేసికొననీయవలెననియు, నడుమ చిరుతిండి తిననీయవలెననియు కోరినది. ఉత్తరప్రదేశ్ ఆ నెలలోనే తన బడులకు ఉత్తర్వులిచ్చినది. కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2017లోనే పబ్లిక్ పరీక్షలకు వచ్చు మధుమేహ విద్యార్థులు చక్కెర బిళ్లలు, పండ్లు, నీటిసీసా వెంట తెచ్చుకొనుటకు అనుమతించినది. కేరళ 2018 నుండి మిఠాయి అను పథకము పేర ఈ బిడ్డలకు ఇన్సులిన్‌ను, పరికరములను ఉచితముగా నిచ్చి వైద్యకళాశాలలలో కేంద్రములు నడుపుచున్నది. మార్చి నెల యెండలో మూడుగంటలకు పైగా పదవతరగతి పరీక్ష వ్రాయు మా సీమ బిడ్డకు ఆ అనుమతి పర్యవేక్షకుని దయాదాక్షిణ్యములపై ఏల ఆధారపడవలెను? హాలుటిక్కెట్టు వెనుక నాలుగు పంక్తులు అచ్చువేయుటకు ఎంత సిరా కావలెను?

ఇక మీరు చెప్పబోవు జవాబును నేను ఊహింపగలను: ఉపాధ్యాయులపై ఇప్పటికే భారమెక్కువ. నిజము. మరుగుదొడ్ల ఫొటోలు, భోజనము ఫొటోలు ఫోనులో ఎక్కించుచు పాఠపు గంటలను పోగొట్టుకొన్న మా ఉపాధ్యాయుల ఆవేదన న్యాయమైనదే. వారి సంఘములు చేసిన ఆందోళన న్యాయమైనదే. కావున దయయుంచి దీనికొక యాప్ పెట్టవద్దు. ప్రతిదినము నింపవలసిన పట్టిక పెట్టవద్దు. కేంద్ర ప్రభుత్వము 2020లో ఆరంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమము క్రింద ప్రతి బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా ఎన్నుకొని శిక్షణ నిచ్చు ఏర్పాటు మీకున్నది. వారికి చెప్పు పదకొండు అంశములలో పోషణయు, వ్యసనముల నివారణయు, అంతర్జాల భద్రతయు గలవు. ఆ శిక్షణకే ఒక పూట చేర్చుడు. ఆ పూటను కర్నూలు వైద్యకళాశాల బాలవ్యాధుల విభాగమువారు, మండలపు ప్రాథమిక ఆరోగ్యకేంద్ర వైద్యులు నడపుదురుగాక. సూది వేయుటను ఉపాధ్యాయునిపై బలవంతముగా రుద్దుమని నేను కోరుట లేదు. గుర్తించుట, అనుమతించుట, చక్కెర ఇచ్చుట, పిలువవలసినవారిని పిలుచుట, ఇంతే. సూది పని సచివాలయపు ఏ.ఎన్.ఎం.కు అప్పగించుడు. సదుద్దేశముతో సాయము చేసిన ఉపాధ్యాయుని, ఫలితమెట్లున్నను, శాఖ వెనుకేసికొనివచ్చునని ఒక్క వాక్యము ఉత్తర్వులో వ్రాయుడు. వారి భయములో సగము ఆ వాక్యము లేకపోవుటయే.

బిడ్డల సంగతి మీకు తెలియుట యెట్లు? ఇచ్చట ఒక చిక్కున్నది. దానిని తేలికగా తీసికొనరాదు. షుగరున్న ఆడపిల్లయని ఊరికి తెలిసినచో రేపు సంబంధములు రావని తల్లిదండ్రులు బడికి చెప్పక దాతురు. బిడ్డ సూది వేసికొనుటకు మరుగుదొడ్డిలోనికి పోయి తలుపు వేసికొనును. దాచిన జబ్బునకు సాయము చేయగలవారుండరు. గుట్టు బయటపడదను నమ్మకమును బడి కలిగించినపుడే తల్లి నోరు విప్పును. 2024 డిసెంబరు 7న, మరల 2025 జూలై 10న రాష్ట్రమంతట ఒకేదినమున తల్లిదండ్రులను బడులకు పిలిచి మహాసమావేశములు జరిపితిరి. ముగ్గులు వేసిరి, భోజనములు పెట్టిరి, ప్రగతిపత్రములు చూపిరి. రాబోవు సమావేశమున, వేదికపై ఉపన్యాసమునకు ముందు, తరగతి ఉపాధ్యాయుడు ప్రతి తల్లిని విడిగా పిలిచి, “బిడ్డకు పడని తిండి యేమైన కలదా? నిత్యము వాడు మందేమైన కలదా?” యని రెండు ప్రశ్నలు అడుగునట్లు చేయుడు. ఆ జవాబును ప్రధానోపాధ్యాయుని బీరువాలో నుంచుడు, గోడమీద అంటింపకుడు.

తుగ్గలి మండలమున జొన్నగిరి చెంత ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు నేటికిని నిలిచి యున్నవి. అందు రెండవ శిలాశాసనము మనుష్యులకును పశువులకును చికిత్సాసౌకర్యములు కల్పించుటను, ఓషధులను తెప్పించి నాటించుటను, బాటల వెంట బావులు త్రవ్వించుటను ప్రకటించుచున్నది. ప్రజల దేహముల క్షేమమును గూర్చి పాలకుడు బహిరంగముగా ఉత్తర్వు చేయుట ఈ నేల యెరుగని సంగతి కాదు. మీ ఉత్తర్వును బండపై చెక్కింప బనిలేదు. ఒక కాగితము చాలును.

చివరకు, అన్నింటికంటె నన్ను కలతపెట్టు సంగతి చెప్పెదను. వానలు వెనుకాడిన యేడు మా పల్లెలు సుగ్గికి కదలును. ఇండ్లకు తాళములు వేసి, ముసలివారిని వదలి, కుటుంబములకు కుటుంబములు గుంటూరు వైపు మిరపకోతలకు, ప్రత్తి తీతకు పోవును. వెంట పోయినచో పిల్లల చదువు పోవునని మీరు బడులలోనే సీజనల్ హాస్టళ్లు నడుపుచున్నారు. అది మీరు చేయు పనులలో మేలైనది. కాని ఆ హాస్టలులో బిడ్డకు మూడు పూటల తిండియు మీదే, రాత్రియు మీదే. పగలు మాత్రమే బడికి వచ్చు బిడ్డ విషయమున “తల్లిదండ్రులే చూచుకొనవలెను” అన్న మాటకు ఏదో యొక అర్థము చెప్పుకొనవచ్చునేమో. తల్లి వందల మైళ్ల దూరమున మిరపచేలో నున్నపుడు ఆ మాట చెప్పుటకు ఎవరికైన నోరు వచ్చునా? నడిరేయి చక్కెర పడిపోయిన బిడ్డ ప్రక్కన మేలుకొనువారెవరు? ఇన్సులిన్ సీసా ఉంచుటకు అక్కడ చల్లని చోటు కలదా? అట్టి బిడ్డను ఏమి చేయవలెనో తెలియక హాస్టలులో చేర్చుకొనకున్నచో, ఆ తల్లి బిడ్డను వెంటబెట్టుకొని పోవును. బిడ్డ మిరపచేను గట్టున సూదిమందుతో నుండును, బడి హాజరుపట్టికలో పేరు మాత్రము మిగులును.

కావున శిక్షణను పట్టణపు పెద్దబడులతో గాక ఈ సీజనల్ హాస్టళ్లతో, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములతో, సంక్షేమ వసతిగృహములతో మొదలుపెట్టుడు. వార్డెనుకు, వంటవారికి, రాత్రి కావలిమనిషికి మొదట నేర్పుడు. ప్రతి హాస్టలునకు ఒక చక్కెర కొలుచు పరికరము, దాని పట్టీలు, ఒక గ్లూకోజు పొట్లము, గోడపై అంటించిన 108 సంఖ్యతో పాటు పేరు గల ఒక వైద్యుని ఫోను సంఖ్య, ఇన్సులిన్ వాడు బిడ్డ యున్నచో ఒక మట్టికుండయో చిన్న ఫ్రిజ్జో ఇప్పింపుడు. ఈ యేడు సుగ్గి లారీలు మా ఊరు విడిచి కదలకమునుపే ఆ ఉత్తర్వు వెలువడవలెనని కోరుచున్నాను. దాని ప్రతిని పత్తికొండ మండల విద్యాశాఖాధికారి కార్యాలయపు నోటీసు బోర్డుపై చూచుటకు నేనును, వేపచెట్టు క్రింది ఆ తల్లియు, ఆమె వంటి తల్లులును ఎదురుచూచుచున్నాము.

ఇట్లు,
భవదీయుడు,
పత్తికొండ పౌరుడొకడు,
కర్నూలు జిల్లా.